వేలు ఎవరిది, తుపాకీ ఎవరిది: ఒక చావు మీద రెండు విచారణలు

జిల్లా కోర్టుల్లో రెండు దశాబ్దాలకు పైగా క్రిమినల్ పక్క, సివిల్ పక్క రెండూ చూస్తున్నాను. ఈ కేసులో ఊరు, పంట, బంధుత్వాలు, కొన్ని అంకెలు గుర్తుపట్టకుండా మార్చాను. చట్టం, వరస, నేను చేసిన తప్పు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు, అంటే 2018 జనవరికి ముందటి సంగతి. త్రీఫేజు రాత్రిపూట వచ్చేది. కౌలుకు చేసుకునే ముప్పై నాలుగేళ్ల మనిషి మోటరు వేయడానికి రాత్రి పదకొండు దాటాక పొలానికి బయల్దేరాడు. పక్కది మక్కచేను, ఊళ్లో కాస్త ఆస్తిపరుడైన రైతుది. అడవిపందులు చేను తొక్కుతున్నాయని అక్కడ కాపలా ఉంది. చీకట్లో ఒక్క తుపాకీ దెబ్బ పడింది. గుళ్లు ఛాతీకి, మెడకు తగిలి మనిషి గట్టు మీదే పోయాడు. వెనకాల భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి.

తుపాకీ పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. లైసెన్సు ఆ రైతు పేరున ఉంది. చేను కాపలా ఉండేది ఆయన జీతగాడు. లైసెన్సులో రిటైనరుగా, అంటే యజమాని తరఫున ఆ తుపాకీ పట్టుకునే అనుమతి ఉన్న మనిషిగా, ఎవరి పేరూ లేదు. పోలీసులు జీతగాడిని ఏ1గా, రైతును ఏ2గా పెట్టి ఐపీసీ 304 రెండో భాగం (హత్య కిందికి రాని నరహత్య), 34 (ఉమ్మడి ఉద్దేశం), ఆయుధాల చట్టం కింద చార్జిషీటు వేశారు. జీతగాడు కాల్చాడు, రైతు పక్కనే ఉండి తుపాకీ ఇచ్చాడు అన్నది వాళ్ల కథనం.

పోయినాయన భార్య మొదటిసారి నా దగ్గరికి వచ్చింది మనిషి పోయిన రెండు నెలలకు. అడిగింది ఒకటే: "సారూ, పిల్లలకేమన్న ఇప్పిస్తరా కోర్టోళ్లు?"

నేను చేసిన మొదటి తప్పు

"ముందు క్రిమినల్ కేసు తేలనివ్వమ్మా" అన్నాను. చాలామంది వకీళ్లు అనే మాటే. దాని వెనక నా లెక్కలు రెండు. శిక్ష పడితే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) సెక్షన్ 357 కింద సెషన్స్ కోర్టే పరిహారం ఇప్పించొచ్చు, అప్పుడు వేరే దావా, కోర్టు ఫీజు ఎందుకన్నది మొదటిది. శిక్ష తీర్పు చేతికొస్తే సివిల్ కోర్టులో సగం పని అయిపోయినట్టే అన్నది రెండోది.

రెండూ తప్పే. 357 పరిహారం శిక్ష పడితేనే వస్తుంది. దానికి పూచీ ఎవరూ ఇవ్వలేరు. ఇక తీర్పు సంగతి: సాక్ష్య చట్టం 40 నుంచి 43 సెక్షన్లు (ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 34 నుంచి 37) చదివితే, ఫలానా మనిషికి శిక్ష పడింది, లేదా ఫలానా మనిషిని వదిలేశారు అన్న సంగతి వరకే క్రిమినల్ తీర్పు పనికొస్తుంది. అందులో జడ్జి రాసిన కారణాలు సివిల్ కోర్టును కట్టిపడేయవు. అనిల్ బిహారీ ఘోష్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. హత్యకు శిక్ష పడిన మనిషి విషయంలో కూడా సివిల్ కోర్టు తన సాక్ష్యం మీద తానే నిర్ణయానికి రావాలంది. ఇది నాకు తెలియనిది కాదు. క్లయింటు ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు, అంతే.

అసలు ప్రమాదం గడువు దగ్గర ఉంది. ఇలాంటి దావా 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేయాలి. లిమిటేషన్ చట్టంలో 82వ ఆర్టికల్ ప్రకారం మరణించిన తేదీ నుంచి రెండేళ్లే గడువు. అప్పీళ్లకు, దరఖాస్తులకు ఆలస్యాన్ని మాఫీ చేసే సెక్షన్ 5 దావాలకు వర్తించదు. ఒక్క రోజు దాటినా తలుపు మూసినట్టే. ఆమె రెండోసారి వచ్చేసరికి ఇరవై రెండో నెల నడుస్తోంది. అదీ నేను పిలిస్తే రాలేదు. పిల్లాడి కులం సర్టిఫికెట్ పని మీద టౌనుకొచ్చి, పలకరించి పోదామని వచ్చింది. ఆ పూట డైరీ తిరగేసి తేదీ చూశాక నాకు చెమట పట్టింది.

మధ్యలో జరిగినవి

ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. కొంత డబ్బు ఇస్తాం, సాక్షులు కోర్టులో గట్టిగా చెప్పకుండా చూడండి అన్నది బేరం. 304 గానీ, నిర్లక్ష్యపు చావుకు పెట్టే 304ఏ గానీ రాజీ పడదగ్గ నేరాలు కావు. ఆ కాగితానికి కోర్టులో విలువ ఉండదు సరికదా, సాక్షిని కొన్నట్టవుతుంది. నా దగ్గరికి రాకముందే ఆమె వద్దని చెప్పేసింది. కానీ మరో కూలీ, అదే రైతు దగ్గర పనిచేసేవాడు, తరవాత కోర్టులో అడ్డం తిరిగాడు. ఎందుకో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

సీఆర్పీసీ సెక్షన్ 357ఏ కింద (ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 396) జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించాం. కొంత వచ్చింది, ఏడాది తిండికి సరిపడా. అది ప్రభుత్వం ఇచ్చే సాయం. తప్పు చేసినవాడి జేబులోంచి రాదు, అతని బాధ్యతను తేల్చదు.

దావా రాయడం

మా జూనియర్ చార్జిషీటు ముందు పెట్టుకుని ప్లెయింటు (దావా పత్రం) రాసుకొచ్చింది. "రెండో ప్రతివాది సమక్షంలో మొదటి ప్రతివాది తుపాకీ పేల్చాడు" అని మొదలు. చదువుతూ అక్కడే ఆగిపోయాను. ఆ వాక్యం మనం రాస్తే దాన్ని మనమే రుజువు చేయాలి. పోలీసుల మీద ఉన్న బరువును ఉచితంగా మన నెత్తిన పెట్టుకోవడం అది. కేసు మొత్తంలో అతి బలహీనమైన ముక్క కూడా అదే. చీకటి, ఇద్దరు మనుషులు, ఒక్క తుపాకీ. చేతుల మీద మందు అవశేషాల కోసం స్వాబ్ సకాలంలో తీయలేదు. పన్నెండు బోరు గొట్టం లోపల నున్నగా ఉంటుంది కాబట్టి గుళ్ల మీద గీతలు పడవు. గుళ్లను చూసి ఈ తుపాకీవే అని చెప్పలేరు. ఉన్నది ఒక ఖాళీ తూటా. దాని వెనక ఫైరింగ్ పిన్ను కొట్టిన గుర్తు ఆ తుపాకీ కుడి గొట్టంతో సరిపోయిందని ఫోరెన్సిక్ ల్యాబు చెప్పింది. అంటే తుపాకీ ఏదో తేలింది. వేలు ఎవరిదో తేలలేదు.

క్రిమినల్ కోర్టుకు వేలు కావాలి. అక్కడ నిలబెట్టేది ఒక మనిషిని, పోయేది అతని స్వేచ్ఛ. సివిల్ కోర్టులో మన ప్రశ్న మనమే రాసుకోవచ్చు. అందుకని ప్లెయింటు తిరగరాశాం. కాల్చింది ఇద్దరిలో ఎవరైనా కావచ్చు, ఆ సంగతి మాకు అనవసరం. తుపాకీ రెండో ప్రతివాదిది. లైసెన్సు ఆయన ఒక్కడికే. లైసెన్సుదారు ఎదుటే గానీ, అతని రాతపూర్వక అనుమతితో రిపేరుకో, రెన్యువలుకో, అతని వాడకానికో గానీ తప్ప వేరొకరు ఆయుధం పట్టుకు తిరగకూడదని ఆయుధాల చట్టం మూడో సెక్షనే చెబుతోంది. అడవిపందిని కాల్చడానికి అటవీశాఖ అనుమతి లేదు. రాత్రి మోటర్ల దగ్గరికి మనుషులు తిరిగే దారి అని ఆయనకు తెలుసు. అలాంటి చోట ప్రాణాలు తీసే వస్తువును జాగ్రత్త లేకుండా బయటికి పోనివ్వడమే నిర్లక్ష్యం. జీతగాడు కాల్చి ఉంటే పనిలో ఉండి చేసినదానికి యజమాని జవాబుదారీ. తానే కాల్చి ఉంటే నేరుగా జవాబుదారీ. ఏ దారిలో నడిచినా ఒకే గుమ్మం దగ్గరికి వస్తాం.

ఆ 1855 చట్టంలోనే, మరణం నేరంగా పరిగణించే పరిస్థితుల్లో జరిగినా సరే దావా వేయొచ్చని రాసి ఉంది. దావా భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసమే. ఒక మరణానికి ఒకటే దావా. అందుకే తల్లిని, పిల్లలిద్దరినీ మొదటి రోజే చేర్చాం. మృతుడి తమ్ముడు "నా పేరు గూడ పెట్టుర్రి" అన్నాడు. చట్టంలో అన్నదమ్ములకు చోటు లేదని చెప్పాను.

జీతగాడిని ఎందుకు ప్రతివాదిగా పెట్టాలన్నది పెద్ద చర్చ. అతని దగ్గర పైసా లేదు. ఆమె కూడా "ఆయన మీద నాకు కోపం లేదు సారూ" అంది. కానీ అతను లేకపోతే రైతు తప్పంతా ఆ ఖాళీ కుర్చీ మీదికి తోసేస్తాడు. పెట్టాం. అతను చివరిదాకా రాలేదు, ఎక్స్‌పార్టీ అయ్యాడు. డిక్రీ అమలు అతని మీదికి పోకూడదని మేం ముందే అనుకున్నాం, పోలేదు.

కోర్టు ఫీజుకు రెండు దారులు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ముప్పై మూడో ఆర్డరు కింద నిరుపేద వాదిగా దరఖాస్తు పెట్టడం ఒకటి, అయితే ఆస్తి విచారణకు నెలలు పడుతుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఆదాయంతో పని లేకుండా మహిళకు ఉచిత న్యాయసహాయం ఉంది, అది రెండోది. రెండోదే పట్టుకున్నాం, ఎందుకంటే రైతు కొడుకుల పేర భూమి రాసే పనిలో ఉన్నాడని కబురొచ్చింది. దావా నంబరు కాగానే తీర్పుకు ముందే ఆస్తి జప్తు కోరుతూ పిటిషన్ వేశాం. రెండెకరాల మీద ఆర్డరు వచ్చింది. గడువు ఇంకా పద్దెనిమిది రోజులు ఉండగా దావా దాఖలైంది.

ఆపమని పిటిషన్

రైతు తరఫు వకీలు తెలివైనవాడు. క్రిమినల్ కేసు తేలేదాకా సివిల్ దావా ఆపాలన్నాడు. 1954 నాటి ఎం.ఎస్. షెరీఫ్ తీర్పు చూపించాడు. రెండు కోర్టులు రెండు రకాలుగా చెప్పే అవకాశం ఉందన్నది లెక్కలోకి రాదు, నిందితుడు ఇరకాటంలో పడతాడా లేదా అన్నదే చూడాలి, గట్టి నియమమంటూ లేదు అని ఆ తీర్పు సారం.

పోట్లాడొచ్చు. పోట్లాడలేదు. దావా తేదీ భద్రం, జప్తు భద్రం. ఇప్పుడు ఆయన్ని బోను ఎక్కించినా క్రిమినల్ కేసు సాకుతో ప్రతి ప్రశ్నకూ అడ్డు చెబుతారు. ఆ కేసు అయిపోయాక ఆ సాకు ఉండదు. సాక్ష్యం మొదలు పెట్టడం మాత్రం అటువైపు విచారణ ముగిశాక అని ఒప్పుకున్నాం. వేయడం ముందు, నడపడం తరవాత.

క్రిమినల్ కేసు కొట్టేశారు

మూడో ఏట సెషన్స్ కోర్టు ఇద్దర్నీ బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వదిలేసింది. మృతుడి తమ్ముడు చీఫ్‌లో, అంటే ప్రాసిక్యూషన్ వకీలు అడిగినప్పుడు, జీతగాడి చేతిలో తుపాకీ చూశానన్నాడు. క్రాస్‌లో, అంటే ఎదుటి వకీలు అడిగినప్పుడు, టార్చి వెలుగు కళ్లలో పడి మొహాలు కనబడలేదన్నాడు. నిజాయితీగానే అన్నాడని నా నమ్మకం. కూలీ అడ్డం తిరిగాడు. ఆయుధాల చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు కావలసిన అనుమతి ఉత్తర్వును పెట్టారు గానీ దాన్ని రుజువు చేసే సాక్షిని పిలవలేదు.

తీర్పు చదివితే తప్పు పట్టడం కష్టం. ఐపీసీ 299 కింద ఒక ఉదాహరణ ఉంటుంది. ఒకడు దొంగిలించాలని కోడి మీద కాలుస్తాడు, పొద చాటున ఉన్న మనిషి చనిపోతాడు. అక్కడ మనిషి ఉన్నట్టు అతనికి తెలియదు. చేసింది చట్టవిరుద్ధమైన పనే అయినా అది కల్పబుల్ హోమిసైడ్ (నేరపూరిత నరహత్య) కాదు. లా కాలేజీలో అందరం నవ్వుకుంటూ చదివిన కోడి ఇది. మా కేసులో పంది అయి వచ్చింది. ఇక మిగిలింది నిర్లక్ష్యపు చావు, 304ఏ. దానికైనా ఫలానావాడి నిర్లక్ష్యం అని చెప్పాలి. ఎవరు కాల్చారో తెలియనప్పుడు ఎవరికి వేస్తారు? అయితే తుపాకీని ఆ రాత్రి ఎవరు, ఎలా బయటికి పోనిచ్చారన్న సంగతిని ప్రాసిక్యూషన్ గట్టిగా తవ్వలేదు. ఆ కొరత నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బాధితురాలిగా ఆమెకు సీఆర్పీసీ సెక్షన్ 372 ప్రొవిజో కింద అప్పీలు హక్కు ఉంది. చెప్పాను. అదే సాక్ష్యం మీద వదిలేసిన తీర్పును పై కోర్టు తిప్పాలంటే అది ఏ రకంగానూ నిలబడనిదై ఉండాలి. ఇది అలాంటిది కాదు. తీయని స్వాబు అప్పీల్లో పుట్టుకురాదు. ఆలోచించుకుని వద్దంది. కానీ ఊళ్లో మాట ఆమెను కుంగదీసింది. "సారూ, కేసు కొట్టేసిండ్రు గద, ఇగ ఈ దావా నిలుస్తదా? ఆయన తప్పు లేదని కోర్టే అన్నదంటున్నరు."

ఇది అందరికీ చిక్కుముడే. డల్లాస్‌లో ఉన్న వాళ్ల దూరపు బంధువు ఫోన్ చేసి అమెరికాలో ఇలా కాదు కదా అన్నాడు. అక్కడా ఇదే అని చెప్పాను. లాస్ ఏంజెలెస్‌లో 2001లో బానీ లీ బేక్లీని కాల్చి చంపిన కేసులో ఆమె భర్త, నటుడు రాబర్ట్ బ్లేక్‌ను 2005 మార్చిలో క్రిమినల్ జ్యూరీ వదిలేసింది. అదే ఏడాది నవంబరులో సివిల్ జ్యూరీ అతనే బాధ్యుడని 3 కోట్ల డాలర్లు కట్టమంది. క్రిమినల్ విచారణలో అతను బోను ఎక్కలేదు, సివిల్‌లో ఎక్కక తప్పలేదు. తరవాత కొన్ని నెలలకే దివాలా పిటిషన్ వేశాడు. డిక్రీ వేరు, డబ్బు వేరు అన్నది కూడా అన్ని దేశాల్లోనూ ఒకటే.

ఇంకో దెబ్బ

సివిల్ సాక్ష్యం మొదలయ్యాక నా రెండో తప్పు బయటపడింది. సెషన్స్ కోర్టు వాంగ్మూలాల సర్టిఫైడ్ కాపీలు తెచ్చి మార్క్ చేయించి, డాక్టరును, ల్యాబు అధికారిని మళ్లీ పిలిచే పని తప్పించుకుందామనుకున్నాను. జడ్జి ఒప్పుకోలేదు. సాక్షి చనిపోయాడనో, దొరకడనో చూపిస్తే తప్ప వేరే కేసులో చెప్పిన సాక్ష్యం ఇక్కడ సాక్ష్యం కాదు. కాపీ ఉన్నది సాక్షిని నిలదీయడానికే. డాక్టరు బదిలీ అయి వేరే జిల్లాలో ఉన్నారు. సమన్లు, వాయిదాలు కలిసి పది నెలలు పోయాయి. ముందే జాబితా వేసుకుని ఉంటే ఆ పది నెలలు మిగిలేవి.

ఏది పనిచేసింది

లిఖిత జవాబులో రైతు చెప్పింది ఇదీ: తుపాకీ ఇంట్లో బీరువాలో తాళం వేసి ఉంటుంది, ఆ రాత్రి నేను చేను దగ్గర లేను, అది బయటికి ఎలా పోయిందో తెలియదు. క్రిమినల్ కేసులో సీఆర్పీసీ 313 కింద జడ్జి నిందితుడిగా అడిగినప్పుడూ దాదాపు ఇదే. అక్కడ అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని ఆయనకు లేదు. మౌనం హక్కు, దాన్ని తప్పుగా అర్థం చేసుకోకూడదు. సివిల్‌లో అలా కాదు. స్వయంగా తెలిసిన సంగతి మీద పార్టీ బోను ఎక్కకపోతే, చెప్పేదంతా అబద్ధమనుకోవచ్చని విద్యాధర్ కేసులో 1999లో సుప్రీంకోర్టు అంది. ఆయన వకీలుకు అది తెలుసు. ఎక్కించాడు.

మాకు దారి చూపింది ఊరి కబుర్లే. కేసు కొట్టేశాక రైతు రద్దయిన లైసెన్సు మళ్లీ కావాలని అర్జీ పెట్టాడట, రేపో మాపో వస్తుందని హోటల్ దగ్గర చెప్పుకున్నాడట. తమ్ముడు ఏదో మాటల్లో ఈ సంగతి అన్నాడు. లైసెన్సు తిరిగి కావాలంటే ఎవడైనా ఏం రాస్తాడు? తుపాకీ అవసరమని, ఇన్నాళ్లూ పద్ధతిగా వాడానని రాస్తాడు. లైసెన్సు ఆఫీసు నుంచి ఆ ఫైలు తెప్పించమని కోర్టును అడిగి సమన్లు తీయించాం. క్లర్కు ఫైలు పట్టుకొచ్చాడు. రెండో పేజీలో ఉంది: పందుల బెడద వల్ల ఏళ్ల తరబడి రాత్రిపూట తుపాకీని నమ్మకస్తుడైన పనిమనిషికి ఇచ్చి కాపలా పెడుతున్నానని, ఎన్నడూ ఏ ఫిర్యాదూ లేదని.

క్రాస్‌లో తొందరపడలేదు.

"తుపాకీ ఎక్కడ పెడతారు?"

"బీరువాల."

"తాళంచెవి?"

"నా దగ్గర్నే."

"ఎవరికైనా ఇస్తారా?"

"ఎన్నడియ్యలే."

అప్పుడు కాగితం చూపించాను. చాలాసేపు చదివాడు. "సంతకం నాదే," అన్నాడు. అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వివరణ ఇచ్చుకునే అవకాశం మనమే ఎందుకు ఇవ్వాలి?

సాక్ష్య చట్టంలో రుజువు అన్న మాటకు నిర్వచనం ఒకటే, సివిల్‌కు వేరు క్రిమినల్‌కు వేరు లేదు. వివేకం ఉన్న మనిషి నమ్మి అడుగు వేసేంత సంభావ్యత. తేడా అంతా ఎంత సంభావ్యత అన్న దగ్గరే. సివిల్ జడ్జి తూకం వేశారు: తూటా ఆ తుపాకీదే, తుపాకీ ఆయనదే, ఇచ్చే అలవాటు ఉందని ఆయనే రాశాడు, లేదని ప్రమాణం చేసి చెప్పాడు. ఎవరు కాల్చారన్నది తేల్చనక్కర్లేదని తీర్పులో స్పష్టంగా రాశారు. చీకట్లో తిరగడం మృతుడి తప్పన్న వాదనను, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే రైతు పొలానికి పోతాడని ఒక్క వాక్యంలో కొట్టేశారు. ఆ వాక్యం నాకు భలే నచ్చింది.

లెక్క వాహన ప్రమాదాల పద్ధతిలో వేశారు. నెలకు 7,000 ఆదాయం, ఏడాదికి 84,000. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 63,000. వయసును బట్టి సరళా వర్మ తీర్పు పట్టికలో గుణకం 16. మొత్తం 10,08,000, ఆరు శాతం వడ్డీ. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపమని అడిగాం. ఆదాయానికే కాగితం లేదని ఇవ్వలేదు. కౌలు కాగితం లేకుండా నోటిమాట మీదే నడిచినందుకు ఆ కుటుంబం కట్టిన మూల్యం అది.

రైతు అప్పీలుకు పోయాడు. సగం డిపాజిట్ చేస్తేనే స్టే అన్నారు, చేశాడు. అప్పీలు తేలడానికి ఎన్నేళ్లో ఎవరికీ తెలియదు. లోక్ అదాలత్‌లో వడ్డీలో కొంత వదులుకుని రాజీ కుదిరింది. అసలు పూర్తిగా రావాలని పట్టుబట్టాం, వడ్డీ దగ్గర మెత్తబడ్డాం. పిల్లల చదువు అప్పటికే ఇంటర్ దాకా వచ్చింది, అందుకు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. జప్తులో ఉన్న రెండెకరాలు లేకపోతే ఆ బల్ల దగ్గరికి ఆయన వచ్చేవాడు కాదు.

ఇప్పుడైతే సెక్షన్ నంబర్లు మారాయి. 2024 జులై 1 తరవాత జరిగిన చావుకు 304ఏ బదులు, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 106(1), శిక్ష గరిష్ఠంగా రెండేళ్ల నుంచి ఐదేళ్లయింది. కోడి ఉదాహరణ 100వ సెక్షన్ కిందికి వెళ్లింది. 1855 చట్టం, రెండేళ్ల గడువు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మా ఆఫీసులో ఇలాంటి చావు కేసు ఏది వచ్చినా ఫైలు అట్ట మీద మొదట రాసేది మరణించిన తేదీ, దాని కింద రెండేళ్లు నిండే తేదీ, ఎర్ర సిరాతో.

పిల్లల వాటా డిపాజిట్ బాండ్లు తీసుకోవడానికి వచ్చిన రోజు ఆమె తీర్పు కాపీ కూడా అడిగింది. ఇచ్చాను. చదువు రాదు, అటూ ఇటూ తిప్పి చూసింది.

"సారూ, ఎవరు కాల్చిండ్రో ఇండ్ల రాసిండ్రా?"

"లేదమ్మా. రాయలేదు."

కాసేపు కూర్చుంది. తరవాత కాగితాలు సంచిలో పెట్టుకుని, బస్సు టైమయిందని లేచింది.